ఇది ఆకాశవాణి ఆడిషన్ కాదు

ప్రశ్న: నేను విజయవాడలో ఉంటున్న వైణికురాలిని. వయసు 52. ఇరవై ఏళ్ళుగా ఆకాశవాణిలో బి-హై గ్రేడు కళాకారిణిగా వాయిస్తున్నాను. కాలిఫోర్నియాలో ఉద్యోగం చేస్తున్న మా అబ్బాయి ప్రోత్సాహంతో, సొంతంగా కట్టిన ఆరు వాద్య రచనలను 2023 మే నెల నుంచి అమెరికన్ టెలివిజన్ కార్యక్రమాలకు సంగీతం అందించే మ్యూజిక్ లైబ్రరీలకు పంపుతున్నాను. ఇప్పటికి 31 సార్లు పంపాను. 19 చోట్ల నుంచి జవాబే లేదు. తొమ్మిది చోట్ల నుంచి ఒకే అచ్చులో పోసినట్టున్న మర్యాద ఉత్తరాలు వచ్చాయి. ముగ్గురు మాత్రం కారణం చెప్పారు. ‘సంభాషణ కింద ఇది ఇమడదు’ అని ఒకరు, ‘మాకు భారతీయ సంగీతం కావాలి, ఇది అరబ్బు సంగీతంలా ఉంది’ అని ఇంకొకరు, ‘మీ వాదనం చాలా బాగుంది, కానీ మేము వాడుకోలేము’ అని మూడో ఆయన రాశారు. ‘రేడియోలో వాయించినదానివి, ముక్కూ మొహం తెలియనివాళ్ళ చేత కాదనిపించుకోవడం దేనికి?’ అని మావారు అంటున్నారు. నా సంగీతంలోనే లోపం ఉందా? ఇక మానుకోమంటారా?
(పేరు ప్రచురించవద్దని కోరిన పాఠకురాలు)

సమాధానం: అమ్మా, నమస్కారం. మీరు ఉత్తరంతో పాటు పంపిన ఆరు రచనలనూ రెండేసి సార్లు విన్నాను. ఒకసారి వీణ వినే శ్రోతగా విన్నాను, ఇంకొకసారి పదిహేనేళ్ళుగా హైదరాబాదులో ఒక చిన్న గదిలో కూర్చుని ఇదే బజారుకు సరుకు పంపుతున్నవాడిగా విన్నాను. మొదటిసారి విన్నప్పుడు కలిగిన సంతోషం రెండోసారి కలగలేదు. అలా ఎందుకు జరిగిందో వివరిస్తే మీ ప్రశ్నకు చాలావరకు సమాధానం దొరుకుతుంది. మానుకోవలసిన అవసరం లేదని మాత్రం ముందే చెబుతున్నాను.

ఇక్కడ అచ్చు వేయడానికి కుదించిన మీ పూర్తి ఉత్తరంలో ‘ఫెయిలయ్యాను’ అనే మాట నాలుగుసార్లు ఉంది. ఆ మాట ఎక్కడి నుంచి వచ్చిందో నాకు అర్థమైంది. ఆకాశవాణి ఆడిషన్ అంటే మన ప్రాంతపు సంగీతజ్ఞులకు ఒక జీవితకాలపు కొలమానం. అక్కడ శ్రుతి శుద్ధిని, లయ జ్ఞానాన్ని, రాగ స్వరూపాన్ని, మనోధర్మాన్ని తెలిసినవాళ్ళు విని తూచి, బి, బి-హై, ఏ, టాప్ అంటూ గ్రేడు ఇస్తారు. ఆ గ్రేడు కళాకారుడికే గానీ ఆయన ఆ రోజు వాయించిన కీర్తనకు కాదు. అందుకే అక్కడ ‘కాదు’ అనిపించుకోవడం అంత బాధగా ఉంటుంది, ‘అవును’ అనిపించుకున్నవాళ్ళు జీవితాంతం పేరు పక్కన రాసుకుంటారు. ఆ పద్ధతిలో పెరిగిన మనసుతో మీరు లాస్ ఏంజెలెస్ నుంచి వచ్చిన రెండు వాక్యాల ఈమెయిలును చదువుతున్నారు. ఆ ఈమెయిలు రాసిన వ్యక్తి మీ విద్వత్తును తూచలేదు. వీణకు ఎన్ని మెట్లుంటాయో కూడా ఆయనకు తెలిసి ఉండకపోవచ్చు. ఆయన చూసినది ఒక్కటే: తన దగ్గరికి సంగీతం కోసం వచ్చే ఎడిటర్లకు ఈ ముక్క పనికొస్తుందా, రాదా అని.

బీసెంట్ రోడ్డులో మ్యాచింగ్ సెంటరుకు మీరు ఎన్నోసార్లు వెళ్ళి ఉంటారు. చిలకాకుపచ్చ చీర పట్టుకువెళితే, కొట్టతను పచ్చల్లోనే ఇరవై రకాల జాకెట్టు ముక్కలు తీసి చీర అంచు మీద పరుస్తాడు. మీరు ఒకటి తీసుకుంటారు, మిగతా పందొమ్మిదీ మడతలు పడి మళ్ళీ అలమారాలోకి వెళ్ళిపోతాయి. ఆ పందొమ్మిదింటి నేతలో లోపముందని మీరూ అనుకోరు, అతనూ అనుకోడు. టెలివిజన్‌లో చీర అంటే దృశ్యం. అది ముందే నేసి ఉంటుంది. మనం పంపేది జాకెట్టు ముక్క మాత్రమే. పైగా మన విషయంలో ఆ చీర ఏ రంగుదో మనకు చూపించరు కూడా. ‘కొంచెం పచ్చగా, కొంచెం పసుపుగా, పోయినేడాది ఫలానా కార్యక్రమంలో వాడినలాంటిది’ అని నాలుగు ముక్కల్లో వర్ణించి పంపుతారు. ఆ వర్ణననే ఈ రంగంలో బ్రీఫ్ అంటారు.

ఈ పోలికతోనే మీ మనసు కుదుటపడిపోతే నాకు ఇష్టం లేదు. తిరస్కరణ వచ్చిన ప్రతిసారీ ‘నా సంగీతం బాగానే ఉంది, వాళ్ళకే కుదరలేదు’ అనుకునే సంగీతకారులను నేను చాలామందిని చూశాను. వాళ్ళు పదేళ్ళ తరువాత కూడా అవే ముక్కలను అలాగే పంపుతూ ఉంటారు. ముక్క మంచిదే అయినా కత్తిరించిన కొలత తప్పు కావచ్చు. అంచు పోగులు ఊడి ఉండవచ్చు. మీకు వచ్చిన 31 ఫలితాల్లో కొన్ని మీ సంగీతంతో ఏ సంబంధమూ లేనివి, కొన్ని మీరు పంపిన తీరుకు సంబంధించినవి, కొన్ని నిజంగానే సంగీతానికి సంబంధించినవి. వీటిని కలగలిపి ఒకే ముద్దగా గుండెల మీద పెట్టుకోవడం వల్లనే బరువు అంతగా అనిపిస్తోంది.

జవాబు రాని 19 సంగతి ముందు చూద్దాం. మీరు పంపడం మొదలుపెట్టిన కాలం అంత మంచిది కాదు. అమెరికాలో సినిమా, టెలివిజన్ రచయితలు 2023 మే 2న సమ్మెకు దిగారు, అది సెప్టెంబరు 27 దాకా సాగింది. మధ్యలో జులై 14న నటీనటులు కూడా సమ్మెలో చేరి నవంబరు 9 దాకా పని ఆపేశారు. ధారావాహికల చిత్రీకరణలు నిలిచిపోయిన ఆ నెలల్లో వాటికి సంగీతం వెతికేవాళ్ళకు పనే లేదు. మీ పట్టికలో ఆ ఏడు నెలల్లో పంపినవి 11 ఉన్నాయి. వాటిలో అన్నింటికీ సమ్మే కారణమని నేను అనను గానీ, వాటి లెక్కను మీ ఖాతాలో వేసుకోకండి. ఇక మిగిలిన ఎనిమిదింటి విషయానికి వస్తే, మీరు నింపిన దరఖాస్తుల నకళ్ళు చూశాను. రాయల్టీ సంస్థ పేరు, స్వరకర్తను గుర్తించే ఐపీఐ సంఖ్య రాయవలసిన గడులు ఖాళీగా ఉన్నాయి. టెలివిజన్‌లో ఒక సంగీతపు ముక్క వాడితే, నిర్మాతలు క్యూ షీట్ అనే పట్టికలో దాని పేరు, స్వరకర్త, ప్రచురణకర్త, ఎన్ని సెకన్లు వినిపించిందన్నది రాసి ఆస్కాప్, బీఎంఐ వంటి అమెరికన్ రాయల్టీ సంస్థలకు ఇస్తారు. ఆ పట్టిక ఆధారంగానే ప్రసార రాయల్టీ వస్తుంది, లైబ్రరీకి వచ్చే ఆదాయంలో కూడా చాలా భాగం అదే. మన దేశంలో ఆ పని చేసే సంస్థ 1969లో ఏర్పడిన ఐపీఆర్ఎస్. దానికి విదేశీ సంస్థలతో పరస్పర ఒప్పందాలున్నాయి. ఇలాంటి ఏ సంస్థలోనూ సభ్యత్వం లేని స్వరకర్త పేరు క్యూ షీట్‌లో ఎక్కినా డబ్బు ఎటు పంపాలో తెలియదు. కాబట్టి ఆ గడి ఖాళీగా కనిపించిన దరఖాస్తులో పాట వినే దాకా వెళ్ళనివాళ్ళు కూడా ఉంటారు. ఈ పని ముందు పూర్తి చేయండి.

ఇంకొక మాట. చాలా లైబ్రరీలు విడి పాటలు తీసుకోవు. ఒకే తీరులో సాగే పది, పన్నెండు ముక్కలను ఒక ఆల్బముగా తీసుకుంటాయి. మీరు పంపిన ఆరింటిలో ఒకటి విలంబంలో సాగే విషాదం, ఒకటి పెళ్ళి ఊరేగింపు, ఒకటి సినిమా రీ-రికార్డింగ్ ఛాయలున్న ఉత్కంఠ, రెండు కీర్తనల మీద ఆధారపడినవి, మిగిలినది లలిత సంగీతం. మీ ప్రతిభ ఎంత విస్తారమైనదో చూపించాలనుకున్నారు. కచేరీలో అది గుణమే. ఇక్కడ ఎంచేవాడికి మాత్రం ఇది ఏ అలమారాలో పెట్టాలో తెలియని మూట.

ఆ తొమ్మిది అచ్చు ఉత్తరాలను మళ్ళీ మళ్ళీ చదవడం మానేయండి. ‘ప్రస్తుతం మా అవసరాలకు సరిపోదు’ అన్న వాక్యంలోని ‘ప్రస్తుతం’ అనే మాటకు ఏదో అర్థముందేమోనని మీరు ఒక పేరా రాశారు. ఏ అర్థమూ లేదు. అది అందరికీ వెళ్ళే మాట.

ఇక కారణం చెప్పిన ముగ్గురు. వాళ్ళు మీకు మేలు చేశారు, ఎందుకంటే ఈ రంగంలో కారణం రాయడానికి ఎవరికీ తీరిక ఉండదు. మొదటి ఆయన ‘సంభాషణ కింద ఇమడదు’ అన్నది మీ మూడో రచన గురించి. నేను దాన్ని ఒక వంటల కార్యక్రమం నడుస్తుండగా తక్కువ శబ్దంలో పెట్టి విన్నాను. మీరు కూడా అలా విని చూడండి. కార్యక్రమంలో మనిషి మాట్లాడుతున్నాడు, మీ వీణ కూడా మాట్లాడుతోంది. మనం వీణను గాయకంగా వాయించమని నేర్పుతాం. ప్రతి గమకమూ గొంతులాగే వంగాలని, సాహిత్యం వినిపించాలని గురువులు పట్టుబడతారు. అలా సాధించిన గుణమే ఇక్కడ అడ్డు పడుతోంది. మనిషి మాటలోని స్పష్టత ముఖ్యంగా 1,000 నుంచి 4,000 హెర్ట్జ్ మధ్య ఉంటుంది. మీ మైకు వీణ మీటు శబ్దాన్ని, తీగ మీద వేలి జారుడును సరిగ్గా ఆ ప్రాంతంలోనే ఎత్తి చూపిస్తోంది. చెవి ఇద్దరు వక్తల మధ్య నలిగిపోతుంది. సౌండు మిక్స్ చేసేవాడు ఆ ఇద్దరిలో ఎవరిని తగ్గిస్తాడో చెప్పనవసరం లేదు కదా.

దీనికి విరుగుడు వీణను మానేయడం కాదు. అదే రచనకు వేర్వేరు రూపాలు తయారు చేయడం. పూర్తి మిక్స్ ఒకటి, ప్రధాన వీణ తీసేసి కింద నడిచే తాళవాద్యం, మంద్రంలో మీటే తీగలు, శ్రుతి మాత్రమే ఉంచినది ఒకటి, 60 సెకన్లది ఒకటి, 30 సెకన్లది ఒకటి ఇవ్వాలి. వీటితో పాటు స్టెమ్స్ అనే విడివిడి పొరలు కూడా అడుగుతారు. 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ వేవ్ ఫైళ్ళుగా ఇస్తే వీడియో పనికి నేరుగా సరిపోతాయి. ఇన్ని రూపాలు ఉన్న రచనను ఎడిటర్ మాటలున్నచోట పలుచగా, మాటలు ఆగినచోట నిండుగా వాడుకుంటాడు. నా ముక్కల్లో మొట్టమొదట అమ్ముడైనది, నేను ఎంతో ప్రేమించి కట్టిన ప్రధాన స్వరం తీసేసిన రూపమే. ఘటం, రెండు మంద్ర తీగలు, అంతే మిగిలింది. ఆ సంగతి తెలిసిన రోజు నాకు సంతోషం వేసిందో అవమానంగా తోచిందో ఇప్పటికీ తేల్చుకోలేదు.

నిర్మాణం గురించి కూడా ఒక మాట. మీ రచనలు నాలుగు, ఐదు నిమిషాలు ఉన్నాయి, రెండింటికి అర నిమిషం దాటిన ఆలాపన ఉంది. లైబ్రరీలో వినేవాళ్ళు మొదటి పది, పదిహేను సెకన్లలోనే ఒక అభిప్రాయానికి వస్తారు, ఎందుకంటే వాళ్ళ ముందు ఆ రోజు వినవలసినవి ఇంకా వందల్లో ఉంటాయి. మీ ఆలాపనలో రాగం తలుపు తీసేసరికి వాళ్ళు పక్క వీధి దాటిపోయి ఉంటారు. పైగా మన సంగీతం విస్తరిస్తూ పోయేది. పల్లవిలో ఉన్న భావం చరణానికి వచ్చేసరికి మరో మెట్టు ఎక్కాలి. టెలివిజన్ క్యూ, అంటే దృశ్యం కింద వేసే సంగీతపు ముక్క, అలా ఎక్కకూడదు. ఒకే భావాన్ని రెండు, రెండున్నర నిమిషాలు పట్టుకుని నిలబడాలి, పొరలు చేరవచ్చు గానీ మనసు మారకూడదు. ప్రతి ఎనిమిది ఆవర్తాలకో, నాలుగింటికో కత్తెర పెట్టడానికి వీలైన చోటు ఉండాలి. చివర మెల్లగా మాయమైపోకుండా ఒక్క దెబ్బతో ముగియాలి. వాళ్ళు దాన్ని బటన్ అంటారు. మనకు ముక్తాయింపు ఉంది కాబట్టి ఆ విద్య మీకు కొత్త కాదు, కాకపోతే మూడు ఆవృత్తుల తీర్మానం కాకుండా చివరి దెబ్బ ఒక్కటే చాలు.

ఎవరూ మీకు చెప్పని లోపం ఇంకొకటి విన్నాను. మీ శ్రుతి నాలుగు రచనల్లో నాలుగు రకాలుగా ఉంది, ఏదీ పాశ్చాత్య వాద్యాలు శ్రుతి కలుపుకునే 440 హెర్ట్జ్ ప్రమాణానికి సరిపోవడం లేదు. వీణకు ఆ రోజు ఎక్కడ హాయిగా పలికితే అక్కడ శ్రుతి కలుపుకోవడం కచేరీలో తప్పు కాదు. ఎడిటర్ మాత్రం మీ ముక్క పక్కనే ఇంకొకరి పియానో ముక్క అతికిస్తాడు. రెండింటి మధ్య పావు స్వరం తేడా ఉంటే వినేవాళ్ళకు పళ్ళు పులుస్తాయి. అలాగే మీరు క్లిక్ (కాలం తప్పకుండా చెవిలో మోగే టిక్కు శబ్దం) లేకుండా వాయించారు. ఆది తాళమే అయినా కాలం కొద్దికొద్దిగా పరుగెత్తింది. మిశ్ర చాపులోని రచన గురించి నేను ఏమీ అనను, అది నాకు ఆరింటిలోకీ ఎక్కువగా నచ్చింది, కానీ ఏడు అక్షరాల నడకను కత్తిరించి అతికించే ఓపిక రాత్రి రెండింటికి పని చేస్తున్న ఎడిటరుకు ఉండదు.

రెండో ఉత్తరం మిమ్మల్ని ఎక్కువగా నొప్పించిందని రాశారు. నాకు మాత్రం దాన్ని చదువుతుంటే నవ్వు ఆగలేదు. క్షమించండి, మీ మీద కాదు. ‘ఇది అరబ్బు సంగీతంలా ఉంది’ అన్న ఆ రచన మాయామాళవగౌళలో ఉంది! పురందరదాసు పేరు చెప్పుకుని మన పిల్లలందరికీ సరళీ స్వరాలు మొదలుపెట్టేది ఆ రాగంతోనే. ఏ సందులో ఏ సంగీతం మాస్టారి అరుగు మీద నుంచి వినిపించినా అది మన ఇంటి చప్పుడు. కానీ శుద్ధ రిషభం నుంచి అంతర గాంధారానికి, శుద్ధ ధైవతం నుంచి కాకలి నిషాదానికి ఉన్న ఆ పెద్ద దూకుడు పాశ్చాత్య చెవికి వేరే కథ చెబుతుంది. ఎడారి, ఒంటెలు, బజారు, గూఢచారి. అక్కడి సినిమాలు దశాబ్దాలుగా అలాంటి స్వర వరుసనే ఆ దృశ్యాలకు వాడి, చెవిని అలా అలవాటు చేశాయి. మోహనం ఇస్తే మేలేమో అనుకుంటారేమో, ఆ ఐదు స్వరాలను మీటు వాద్యం మీద వింటే చాలామందికి చైనా గుర్తుకొస్తుంది. వాళ్ళ చెవిలో భారతదేశమంటే సితార్, తబలా. 1967లో మాంటెరేలో, 1969లో వుడ్‌స్టాక్‌లో రవిశంకర్ వాయించిన కాలం నుంచీ ఆ ముద్ర అలా పడిపోయింది. మన వీణ నాదం వాళ్ళకు ఏ దేశానిదీ కాదు.

ఇది అన్యాయమే. ఉత్తరం రాసి వాళ్ళకు పాఠం చెప్పాలని మీకు అనిపించడం సహజమే, మీరు రాసిన ఆ నాలుగు పేజీల జవాబు పంపకపోవడం అదృష్టం. సరుకు కొనేవాడి చెవిని మనం మార్చలేం గానీ, సరుకు మీద చీటీ మార్చగలం. మీ మాయామాళవగౌళ రచన ‘భారతీయ’ అన్న బ్రీఫుకు పంపవలసినది కాదు. ఎడారి ప్రయాణం, పురావస్తు తవ్వకాలు, నేర పరిశోధన అన్న బ్రీఫులకు పంపవలసినది. అదే ముక్కకు అక్కడ వేరే ముఖం వస్తుంది. భారతీయ భోజనం, ప్రయాణం అన్న కార్యక్రమాలకు కల్యాణిలోనో కీరవాణిలోనో కొత్తగా కట్టండి. మొదటిది పాశ్చాత్యులు లిడియన్ అనే వరుసకు, రెండోది వాళ్ళ హార్మోనిక్ మైనరుకు సరిపోతాయి కాబట్టి కింద తీగలతో స్వర సమ్మేళనం చేర్చినా గమకానికీ దానికీ గొడవ తక్కువ. తోడి జోలికి మాత్రం వెళ్ళకండి. ఊగే గాంధారం కింద నిలకడైన స్వర గుచ్ఛం పెడితే రెండూ పాడవుతాయి. ఇక ‘మాయామాళవగౌళ రూపకం’ వంటి పేర్లు కూడా మార్చాలి. ఎడిటర్లు వెతుకుపెట్టెలో భావాన్ని సూచించే ఇంగ్లిషు మాటలు కొట్టి వెతుకుతారు. రాగం పేరు వాళ్ళకు తట్టదు.

కీర్తనల మీద కట్టిన ఆ రెండింటి విషయం వేరు. త్యాగరాజస్వామి 1847లో పరమపదించారు, ఆయన కృతులకు హక్కుదారులెవరూ లేరు. కానీ మీ దరఖాస్తులో ‘పూర్తిగా స్వీయ రచన’ అన్న చోట మీరు సరే అని గుర్తు పెట్టారు. అది నిజం కాదు. సంప్రదాయ కృతికి సంగీత అమరిక అని రాయాలి, రాయల్టీ సంస్థల దగ్గర నమోదు కూడా అలాగే చేయాలి. అదే బాలమురళీకృష్ణ గారి తిల్లానా అయితే అసలు ముట్టుకోకూడదు. ఆయన 2016లో కన్నుమూశారు, మన చట్టంలో రచయిత మరణించాక 60 ఏళ్ళ దాకా హక్కు ఉంటుంది. నేను ఇంత గట్టిగా చెప్పడానికి కారణముంది. ఈ పనిలోకి వచ్చిన కొత్తలో ఒక లైబ్రరీ నా పది ముక్కల ఆల్బమును తీసుకుంది. ఒప్పందం మీద సంతకాలయ్యాక, అందులో వినిపించే ప్రతి శబ్దానికీ హక్కు పత్రం చూపించమన్నారు. ఒక ముక్కలో నాలుగు సెకన్ల బృంద స్వరం ఉంది. అది ఒక మిత్రుడి డిస్కు నుంచి నకలు చేసుకున్నది, ఎవరిదో అతనికీ తెలియదు. ఆ నాలుగు సెకన్ల కోసం పదింటినీ వెనక్కి పంపారు, ఆ తరువాత నేను పంపిన వాటికి వాళ్ళ నుంచి జవాబు రాలేదు. ఆ తిరస్కరణను మాత్రం నేను ఇప్పటికీ నా ఖాతాలోనే వేసుకుంటాను.

ఇక బాధ సంగతి. మీరు ఉదయం ఐదున్నరకు సాధనకు కూర్చునే ముందు ఫోను చూస్తానని రాశారు. లాస్ ఏంజెలెస్‌లో ఉదయం తొమ్మిది నుంచి సాయంత్రం ఆరు దాకా అంటే వేసవిలో మనకు రాత్రి తొమ్మిదిన్నర నుంచి తెల్లవారి ఆరున్నర దాకా. వాళ్ళ ‘కాదు’లన్నీ మీరు నిద్రపోతున్నప్పుడు వచ్చి, మీరు వీణ చేతిలోకి తీసుకునే క్షణానికి సిద్ధంగా ఉంటున్నాయి. ముప్పై ఏళ్ళ సాధన గదిలోకి వాళ్ళను ఎందుకు రానిస్తారు? ఆ ఉత్తరాలకు వేరే చిరునామా పెట్టుకుని, మధ్యాహ్నం భోజనమయ్యాక, వారానికి రెండుసార్లు మాత్రమే తెరవండి. ఒక ముక్కను పంపేటప్పుడే, అది తిరిగి వస్తే తరువాత ఎక్కడికి పంపాలో పట్టికలో రాసి ఉంచండి. తిరిగి వచ్చిన రోజు ఆలోచించవలసిన అవసరం లేకుండా, రాసి ఉన్నచోటికి పంపేసి లేవవచ్చు. ఇది చిన్న ఉపాయమే గానీ నాకు చాలా ఏళ్ళుగా పని చేస్తోంది. కారణం చెప్పిన ఉత్తరాన్ని మాత్రం ఒక వారం ఆగి చదవాలి. మొదటి రోజు కోపంతో చదివితే అందులో సమాచారం కనిపించదు.

ఈ స్థితిలో ఉన్నవాళ్ళ కోసమే కాచుకుని ఉండే మనుషులు కూడా ఉంటారు, జాగ్రత్త. పాటలు విని అభిప్రాయం చెప్పడానికో, బ్రీఫులు చేరవేయడానికో రుసుము తీసుకునే నిజాయితీ గల సంస్థలు ఉన్నాయి. కానీ ‘ఇంత కట్టండి, మీ సంగీతం ఫలానా చానల్లో వచ్చేలా చూస్తాం’ అని హామీ ఇచ్చేవాడు ఎవడైనా సరే, వాడికి పైసా ఇవ్వకండి. అలాగే ఎవరో ఒకరు అవునన్నారన్న సంతోషంలో, హక్కులన్నీ శాశ్వతంగా వాళ్ళకే రాసిచ్చే ఒప్పందం మీద సంతకం చేయకండి. ఇన్నేళ్ళలో వాడకపోతే తిరిగి మీకు వస్తుందన్న షరతు ఉందో లేదో చూడండి. తిరస్కరించిన ముక్క ఈ రోజుకు పూర్తిగా మీదే. తీసుకుని ఏళ్ళ తరబడి అలమారాలో మూలపడేసిన ముక్క మీది కాదు. రెండోదాని కన్నా మొదటిదే నయమని నాకు అనుభవం మీద తెలిసింది.

మీవారి మాటకు జవాబు మీరే ఇవ్వాలి. అయితే ఒక లెక్క ఆయనకు చెప్పండి. లైబ్రరీల్లో ముందు డబ్బు ఇవ్వకపోవడమే ఎక్కువ. ప్రసారమయ్యాక రాయల్టీ అక్కడి సంస్థకు చేరి, లెక్క తేలి, ఐపీఆర్ఎస్ ద్వారా మీ దాకా రావడానికి ఏడాది పైనే పట్టవచ్చు. కాబట్టి ఇది ఇంటి ఖర్చులకు ఆనుకునే ఆదాయం కాదు. మీకు ఈ పని నేర్చుకోవడంలో ఆసక్తి ఉంటేనే చేయండి. అవతలివాళ్ళ మెప్పు కోసమే అయితే, మీకు బి-హై ఇచ్చినవాళ్ళ మెప్పు దీనికన్నా విలువైనది, అది మీ దగ్గర ఇప్పటికే ఉంది.

ఆరింటిలో ఏం చేయాలో అడిగారు. కీర్తనల మీద కట్టిన రెండింటినీ, మిశ్ర చాపు రచననూ ఈ బజారు నుంచి వెనక్కి తీసుకోండి. అవి వేదిక మీద, రేడియోలో వినవలసినవి. వాటిని ముక్కలు చేయడం నాకైతే చేతకాదు. మాయామాళవగౌళను క్లిక్ పెట్టి, 440 ప్రమాణానికి శ్రుతి కలిపి, రెండు నిమిషాలకు కుదించి మళ్ళీ రికార్డు చేయండి. దాని అన్నదమ్ముల్లాంటివి ఇంకో తొమ్మిది కట్టడానికి మీకు మూడు, నాలుగు నెలలు పడుతుంది. అప్పటిదాకా ఎక్కడికీ ఏమీ పంపకండి.

ఒక్క ఉత్తరం మాత్రం ఈ వారమే రాయండి, అది ‘వాదనం చాలా బాగుంది’ అన్న మూడో ఆయనకు. ఊరికే మెప్పు రాయడానికి ఆయనకు ఏ అవసరమూ లేదు, ఆ వాక్యం అచ్చు ఉత్తరంలోది కాదు. నాలుగే వాక్యాలు చాలు: విన్నందుకు కృతజ్ఞతలు, వీణతోనే, సంభాషణ కింద నిలిచేలా పది ముక్కల ఆల్బము తయారు చేస్తున్నాను, రెండు సిద్ధమవగానే పంపవచ్చా, మీ కార్యక్రమాల్లో ఈ వాద్యానికి ఏ రకమైన చోటు కనిపిస్తుందో ఒక్క మాట చెప్పగలరా. పాత ముక్కలను మళ్ళీ జత చేయకండి. మన సోమవారం రాత్రి పది దాటాక పంపితే, వాళ్ళ వారం మొదలయ్యే వేళకు ఆయన బల్ల మీద పైన ఉంటుంది.